చెరుకు రసం బండి ఐసు తెచ్చిన అన్నకు

గురువారం ఆఫీసు అయ్యాక ఎప్పటిలాగే తిరుపతిలో మా ఫ్రెండుతో షటిల్ ఆడుతున్నాను. మూడో గేమ్, 19-19. నెట్ దగ్గర చీలమండ మెలిపడి కూలబడ్డాను. మావాడు టెన్షన్‌లో బామ్ రుద్దబోతే పక్క కోర్టు నుంచి మీరు పరుగెత్తుకొచ్చారు.

"రుద్దొద్దబ్బా, వాపు ఎక్కువైతాది" అన్నారు. గేటు బయటి చెరుకు రసం బండి నుంచి ఐసు తెచ్చి, మీ తువ్వాల్లో చుట్టి, నా కాలు కిట్ బ్యాగు మీదికెత్తి, 15 నిమిషాలు పట్టుకునే కూర్చున్నారు. మధ్యమధ్యలో వేళ్లు కదిలించి చూపమన్నారు. మీ ఆట మొత్తం పోయింది, అదే నాకు బాధ.

ఎముక విరగలేదన్నా, లిగమెంటు సాగిందంతే. నొప్పిలో మీ పేరు కూడా అడగలేదు. చాలా చాలా థ్యాంక్స్. నీలం అంచు తువ్వాలు ఉతికి పెట్టాను. నడవగలిగిన రోజే తెచ్చిస్తాను.