చీకటి పడేముందు పెట్ట మెడ కింద ఒకసారి తడిమి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

కోళ్ల గురించి పేపర్లో ఏదైనా వచ్చిందంటే గుడ్డు రేటు ఎంతైంది, బర్డ్ ఫ్లూ ఎక్కడొచ్చింది, సంక్రాంతి పందేల్లో ఎంత డబ్బు చేతులు మారింది, ఇవే ఉంటాయి. పెరట్లో నాలుగైదు పెట్టల్ని, ఒక పుంజుని పెంచుకునే మాలాంటి వాళ్లం గుంటూరు చుట్టుపక్కల చాలామందిమే ఉన్నాం, మాకు పనికొచ్చే ముక్క మాత్రం కనపడదు. అందుకే రాస్తున్నా. పెట్ట బక్కచిక్కిపోతే వెంటనే తెగులు అనుకుని మందుల షాపుకి వెళ్లి ఏదో పౌడర్ తెచ్చి నీళ్లలో కలపొద్దు, ముందు దానికి తిండి అందుతోందా లేదా చూడండి, చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

కోడికి మెడ అడుగున, రొమ్ము మొదట్లో కొంచెం కుడివైపుకి గింజలు నిలవ ఉండే సంచి ఉంటుంది, డాక్టర్లు క్రాప్ అంటారు. తిన్నది చాలావరకు ముందు అక్కడికే చేరి నానుతుంది, తర్వాత కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. రాత్రంతా మేత ఉండదు కాబట్టి చీకటి పడేముందు కోళ్లు గబగబా తిని ఆ సంచి నింపుకుంటాయి. గంప కింద కమ్మేటప్పుడు పట్టుకుని చూస్తే అక్కడ నిండుగా, కాస్త మెత్తగా పిండిముద్దలా తగలాలి, తెల్లారి వదిలేసరికి ఖాళీ అయిపోవాలి. సాయంత్రం అన్నిటికీ నిండి ఒక్కదానికే వట్టిగా ఉందంటే దాన్ని మిగతావి మేత దగ్గరికి రానివ్వట్లేదేమో అని ముందు అనుమానించాలి.

కోళ్ల గుంపులో ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరస ఉంటుందండి, నార్వేకి చెందిన థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే అనే ఆయన 1921లోనే దీని గురించి రాశాడు. పైనున్న పెట్ట ముందు తింటుంది, అడుగునున్నది పక్కన నిలబడి చూస్తుంది, దగ్గరికొస్తే నెత్తి మీద ఒక్క పోటు. ఒకసారి వరస కుదిరాక గొడవలు తగ్గుతాయి, కానీ కొత్త కోడిని తెచ్చి నేరుగా గుంపులో వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. మా వీధిలో చాలామంది చేసేది అదే, సంతలో కొనుక్కొచ్చి కాళ్ల తాడు విప్పి వదిలేస్తారు, అది మూల నక్కి నక్కి తినక నీరసపడిపోతుంది, అప్పుడు జబ్బు కోడిని అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిడతారు. కొన్నాళ్లు వల అడ్డం కట్టి ఒకదానికొకటి కనపడేట్టు ఉంచి తర్వాత కలపండి, విడిగా ఉంచితే జబ్బులేమన్నా ఉన్నా ఈలోపు బయటపడతాయి. మేత ఒక్క చిప్పలో కాకుండా రెండు మూడు చోట్ల, ఒకచోట నుంచుంటే ఇంకోటి కనపడనంత దూరంలో పెట్టండి, ఇది ఖర్చు లేని పని కదా. రక్తం వచ్చేలా పొడిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే విడిగా పెట్టాలి, ఎర్రగా కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

గుడ్డు పెంకు తయారవ్వడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే జరుగుతుంది. అందుకే పెట్టలు సాయంత్రం పూట సున్నం ఉన్న మేత వెతుక్కుంటాయి. సరిగ్గా ఆ టైంలోనే అడుగున ఉన్న పెట్టని మిగతావి తరిమేస్తే దానికి గింజా అందదు, సున్నమూ అందదు. ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పెట్టి ఉంచితే ఎవరికి కావాల్సింది వాళ్లు తింటారు.

ఇంకో సంగతి, ఇప్పుడు టౌన్లో టెర్రస్ మీద సిమెంటు నేల మీద కోళ్లు పెంచుతున్నారు, మంచిదే, కానీ కోడికి పళ్లు లేవు. మింగిన గింజని కందనకాయలోనే నూరుకోవాలి, దానికి చిన్న చిన్న రాళ్లు కావాలి. నాటుకోడి కందనకాయ కోసినప్పుడు లోపల రాళ్లు అందరం చూసేవాళ్లమే, అవి పొరపాటున మింగినవి కావు. మట్టి తగలని కోడికి గింజలు వేస్తుంటే ముతక ఇసుక, సన్నటి గులకరాళ్లు మనమే ఇవ్వాలి. ఆల్చిప్ప దీనికి పనికిరాదు, లోపల కరిగిపోతుంది.

మిగిలిన అన్నం కవర్తో సహా గోడ మీంచి విసిరేసేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, ఆ ప్లాస్టిక్ ముక్కలు, దారాలు, పొడుగాటి గడ్డి పోచలు సంచిలో చుట్టుకుని అడ్డం పడతాయి. తెల్లారినా సంచి గట్టిగానే ఉందంటే, లేదా జారుగా ఉండి నోరు పుల్లటి వాసన కొడుతోందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తలకిందులుగా పట్టుకుని కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. బూజు పట్టిన అన్నం అసలు పెట్టొద్దు. మన ఊరు కాబట్టి మిరప గింజల సంగతి కూడా చెప్పాలి, పక్షులకి మనలాగా ఆ కారం మంట తెలీదు, మందు కొట్టిన కాయలు కాకపోతే భయం లేదు.

రెట్ట చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. మామూలు రెట్టల మధ్యలో అప్పుడప్పుడు ముదురు గోధుమ రంగులో జిగటగా, బాగా కంపు కొడుతూ ఒకటి పడుతుంది, అది పేగు చివర ఉండే రెండు తిత్తుల్లోంచి వచ్చేది, జబ్బు కాదు. పచ్చగా నీళ్లలా పారుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, మెడ మెలితిప్పుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు, ఇక ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకూడదు.

మీకు నా విన్నపం ఏంటంటే, వ్యవసాయం పేజీలో పెరటి కోళ్లకి కూడా కొంచెం చోటివ్వండి. మనకి దగ్గర్లోనే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడి డాక్టర్లతో సంచి ఎలా తడిమి చూడాలో ఫొటోలతో రాయించండి, ముఖ్యంగా ఇళ్లలో కోళ్లని చూసుకునేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లకి అర్థమయ్యే భాషలో రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గోరంట్ల, గుంటూరు