తపస్సుకాలంలో పిల్లల చేతికి పని

శ్రీకాకుళం

అమ్మలూ,

ఆదివారం తరగతి పిల్లలతో తపస్సుకాలానికి ఏం చేయించాలని అడిగావు కదా. మెరుపు కాగితాలు, స్టిక్కర్లు కొనకు. అవి ఇంటికెళ్లిన రోజే ఏ మూలకో పోతాయి. ఈస్టర్ దాకా పిల్లల చెయ్యి పడుతూ ఉండే వస్తువులే చేయించు.

ముందు ఎవరి చార్టు వాళ్లు గీసుకోవాలి. 2027లో తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. నలభై రోజులు కదా అని 40 గడులే గీస్తే మార్చి 21కి, అంటే మట్టల ఆదివారానికే అయిపోతాయి. అసలైన పవిత్ర వారానికి గడులే మిగలవు. ఆదివారాలు ఆ నలభైలోకి రావు గనక 46 గీయించి, ఆరు ఆదివారాల గడుల్లోనూ చిన్న సిలువ వేయించు. మిగతా 40కి ఊదా రంగు, అదీ రోజుకొక గడి చొప్పునే. గడిలో "మంచిగా ఉండాలి" అని రాయనివ్వకు, అది చేశామో లేదో పిల్లలకి తెలియదు. "అమ్మకి రెండు బిందెలు నీళ్లు తేవాలి", "చాక్లెట్ డబ్బులు డబ్బాలో వేయాలి" అన్నట్టుండాలి.

ముళ్ల కిరీటం తరగతి మొత్తానికి ఒక్కటి చాలు. ఇంటికొకటి చేయిస్తే తినే పిండి అంతా వృథా, ఈ కాలంలో అది అసలే తగదు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, ముప్పావు గ్లాసు నీళ్లు. నౌపడ రాళ్ల ఉప్పే ఇంట్లో ఉంటే మిక్సీలో పొడి చెయ్యి, పలుకులుంటే పిండి తాడు అక్కడే తెగుతుంది. నీళ్లు ఒకేసారి పోయకు. పది నిమిషాలు పిసికాక చపాతీ పిండికన్నా గట్టిగా ఉండాలి. చేతికి గీరుకున్న పిల్లలుంటే వాళ్లకి ఈ పని ఇవ్వకు, ఉప్పు మండుతుంది.

వేలి లావున మూరంబావు పొడవు తాళ్లు మూడు చేసి జడ అల్లి, చివరలు తడిచేత్తో అతికించు. అంతకన్నా లావు చేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. పచ్చిగా ఉండగానే 40 టూత్‌పిక్‌లు గుచ్చించు. ఒకే వరసలో వద్దు, ఆ గీత వెంటే విరుగుతుంది. అటొకటి ఇటొకటిగా, లోతు అర అంగుళం. మర్నాడు ప్రతి ముల్లునీ పట్టుకుని ఒకసారి గుండ్రంగా తిప్పాలి. ఇది మరిచిపోతే పిండి ముల్లుని బిగించేస్తుంది, తర్వాత లాగినప్పుడు కిరీటమే ముక్కలవుతుంది. మొదటి రోజు నీడలో, తర్వాత మూడు నాలుగు రోజులు పొద్దుటి ఎండలో, పళ్లెంలో కాకుండా జల్లెడ మీద పెట్టి తిరగేస్తూ ఆరబెట్టు. మన సముద్రపు గాలికి ఉప్పు చెమ్మ పట్టి మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి, బాగా ఎండాక ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి పైన పూత వెయ్యి, చిల్లుల్లోకి పోకుండా చూసుకో. ఇదంతా ఫిబ్రవరి 14 తరగతిలోపు అయిపోవాలి. ఆ రోజు నుంచి ఆదివారానికి ఏడు ముళ్లు, చివరి ఆదివారం అయిదు తీయాలి. చార్టు గడుల్లో రాసుకున్నది చేసినవాళ్లే తీయాలి, చేయని గుంటలని మాత్రం అందరి ముందూ నిలదీయకు. ఈస్టర్ పొద్దున ఆ చిల్లుల్లో మల్లెమొగ్గలు గుచ్చించు.

మట్టల ఆదివారానికి ఆకు సిలువలు. కొబ్బరి మొవ్వాకు తెల్లగా, మెత్తగా ఉంటుందని దాన్నే కోయించుకుంటారు. కొబ్బరికి ఎదిగే చోటు అదొక్కటే, మొవ్వకి దెబ్బ తగిలితే చెట్టుకే ముప్పు. కింది మట్ట చాలు. శనివారం పొద్దున కోయించి, ఈనె తీసేసి, సాయంత్రం దాకా నీడలో వాడనివ్వు. పచ్చి ఆకుతోనే చేస్తే ఎండి సన్నబడి అడ్డం ముక్క జారిపోతుంది. నిలువు ముక్క 20 సెంటీమీటర్లు, అడ్డం 12. నిలువు ముక్కలో పైనుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర బ్లేడుతో నిలువునా గాటు పెట్టి అడ్డం ముక్క దూర్చాలి. గాటు అడ్డం ముక్క వెడల్పుకన్నా ఒక పిసరు తక్కువే ఉండాలి. బ్లేడు నీ చేతిలోనే ఉండనీ. మధ్యలో గోగునారతో కట్టించు. రంగులు, ప్లాస్టిక్ రిబ్బన్లు వద్దే వద్దు, ఈ ఆకులే కదా వచ్చే ఏడు విభూతికి కాల్చేది. ఆదివారం దీవించాక ఇంట్లో సిలువ వెనక దోపుకుని, వచ్చే తపస్సుకాలానికి ముందు గుడికి తెచ్చివ్వమని పిల్లలకి చెప్పు.

ఉద్దానం వైపు పిల్లలెవరైనా అతికించడానికి పచ్చి జీడిపిక్కలు తెస్తే ముట్టుకోనివ్వకు, ఆ తొక్కలోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది. చింతపిక్కలు వాడుకోండి.

గోగునార ఎంత కావాలో, పిల్లలు ఎంతమందో రాయి, పంపిస్తాను.

ప్రేమతో,
అమ్మ