హెయిర్ డ్రయ్యర్లు తెచ్చిన అక్కకి, శాలువా ఇచ్చిన అన్నకి

నిన్న పొద్దున తొమ్మిదింటికి షూటింగ్. మొన్న రాత్రి పదకొండింటికి హైదరాబాద్ కృష్ణానగర్‌లో నా గదిలో మోకాలి లోతు నీళ్లు. గట్టి వాన పడితే మా వీధి చెరువవుతుందని తెలిసీ బొమ్మల పెట్టెని మంచం కింద పెట్టింది నేనే. ఇంకెవర్నీ అనడానికి లేదు.

నేను పిల్లల టీవీ కార్యక్రమానికి బొమ్మలు చేస్తాను, ఆడిస్తాను కూడా. కాగితం మీద గీసేదీ నేనే, ఫోమ్ కోసేదీ నేనే, ఫ్రేములో కనపడకుండా నేల మీద వెల్లకిలా పడుకుని చెయ్యి పైకెత్తి మాట్లాడించేదీ నేనే. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "టీవీలో చేస్తాడు" అని అక్కడితో ఆపేస్తుంది.

పెట్టెలో ఉన్నది బుజ్జిదూడ. ఫోమంతా నీళ్లు పీల్చుకుని రాయిలా అయింది. గట్టిగా పిండితే అతుకులు ఊడతాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, పై అంతస్తులో బ్యూటీ పార్లర్ నడిపే అక్క టార్చి వేసి "ఎవరి పిల్లగాడు తమ్మీ, తడిసిండా?" అంది. బొమ్మ అని చెప్పినా నవ్వలేదు. పార్లర్ తాళం తీసి రెండు హెయిర్ డ్రయ్యర్లు తెచ్చింది. "వేడిగాలి వద్దు, చల్లగాలి పెట్టు. సవరాలు గట్లనే ఆరబెడ్తం" అని నాకే పని నేర్పింది. ఒకటి నోట్లోంచి, ఒకటి మెడలోంచి. మూడున్నర దాకా ఇద్దరం మార్చి మార్చి పట్టుకున్నాం.

చెవుల గుడ్డ మాత్రం బురద పట్టి పనికిరాలేదు. గుడ్డలు దొరికే జనరల్ బజార్ తెరిచేసరికి నా షూటింగ్ సగమైపోతుంది. ఎదురింటి ఇస్త్రీ అన్న, ఏడాదిగా ఎవరూ తీసుకుపోని నల్ల ఉన్ని శాలువా ఇచ్చాడు. 1955లో అమెరికా బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్, తర్వాత కప్పగా పేరుపడ్డ కెర్మిట్ మొదటి బొమ్మని వాళ్లమ్మ పాత కోటు గుడ్డతో చేశాడనీ, కళ్లకి పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి పెట్టాడనీ చెప్తుంటే, మిషన్ తొక్కుతున్న టైలర్ కాక తలెత్తకుండా అన్నాడు: "ఆయనది పాత కోటు. మన దూడకి శాలువా. సన్మానమే!"

కళ్లు నాకు ఎప్పుడూ భయం. నల్లగుడ్లు సరిగ్గా మధ్యలో అతికిస్తే బొమ్మ ఎటో శూన్యంలోకి చూస్తున్నట్టుంటుంది. రెండూ ముక్కు వైపు కొద్దిగా జరగాలి, అప్పుడే ఎదుటివాళ్లని చూస్తుంది. నిద్ర లేచొచ్చిన కాక కూతురు ముందు నిలబడింది. "నన్ను చూస్తలేదు" అంది. జరిపాను. "ఇప్పుడు గోడని చూస్తుంది." మళ్లీ జరిపాను. ఏమీ అనకుండా పిల్ల చెయ్యి ఊపింది, దూడకి. అక్కడే అతికించేశాను.

పెట్టె అడుగున ఒక తోలుబొమ్మ కూడా ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో నాకు తోలుకి చిల్లులు కొట్టడం నేర్పిన పెద్దాయన ఇచ్చింది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరది. మేకతోలు తడిసి గబగబా ఆరితే అప్పడంలా ముడుచుకుంటుంది. తెల్లారి నాలుగింటికి ఫోన్ చేస్తే ఆయన విసుక్కోలేదు. "మంట కాడికి తీసకపోవద్దు నాయనా, గుడ్డల మధ్య పరిచి పైన బరువు పెట్టు" అన్నారు. ఇప్పుడు దాని మీద కాక ఇంటి రుబ్బురోలు పొత్రం ఉంది. రెండ్రోజుల దాకా తియ్యను.

షూటింగ్ సమయానికే మొదలైంది. కుడిచెయ్యి దూడ తలలో, ఎడమచేత్తో దాని కాలి పుల్ల, పక్కన నేల మీద మానిటర్. అందులో కనపడేది అద్దంలోలా తిరగబడదు, మనం కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది. ఇన్నేళ్లకీ నిద్రలేని రోజున తికమక పడతాను, నిన్న రెండుసార్లు పడ్డాను. శాలువా చెవులు పాతవాటికన్నా బరువు, తల ఊపితే అర సెకను ఆలస్యంగా ఊగుతున్నాయి. డైరెక్టర్ గారికి అదే నచ్చింది, అలాగే ఉంచమన్నారు.

అక్కా, ఒక డ్రయ్యర్ కాలిపోయిన సంగతి నువ్వు చెప్పలేదు, నేను వాసన చూసి కనుక్కున్నా. కొత్తది ఆదివారం తెస్తున్నా, వద్దనకు. కాకా, కుట్టుకూలి తీసుకోకపోతే పిల్లకి పలకో, బలపాలో కొంటా. అన్నా, పెద్దాయనా, మీ ఇద్దరికీ దండం.

ఆ నల్ల శాలువా ఎవరిదో వాళ్లు ఇది చదివితే ఇస్త్రీ అన్నని ఏమీ అనకండి. నన్ను అడగండి. తిరిగి మాత్రం ఇవ్వలేను.