కాంచనజంగ ఎప్పుడు కనిపిస్తుంది? డార్జిలింగ్ వెళ్లేవారందరికీ

అందరికీ నమస్కారం.

“కొండ కచ్చితంగా కనిపిస్తుందా?” అని రోజుకొకరు అడుగుతున్నారు. మాట ఇవ్వలేను. అంచనా మాత్రం వేయవచ్చు.

డార్జిలింగ్ నుంచి ఆ శిఖరం 70 కిలోమీటర్ల పైమాటే. మన ట్యాంక్‌బండ్ నుంచి భువనగిరి గుట్ట కన్నా దూరం. మధ్యలో ఎక్కడ మబ్బు పట్టినా 8,586 మీటర్ల కొండ మాయమే! నేను ఒక ఏప్రిల్‌లో వెళ్లి, చల్లారిన టీ గ్లాసు పట్టుకుని గంటసేపు తెల్లటి పొగను చూసి వచ్చాను. అందుకే ఈసారి నవంబరు. వానలు వెళ్లిపోయి గాలి తేటగా ఉంటుంది.

తెల్లవారుజామున లోయలు చల్లగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ తేమగాలి పైకి లేచి మబ్బు కడుతుంది. కాబట్టి తొమ్మిదింటికి టిఫిన్ చేసి చూద్దామంటే కుదరదు.

మూడు ఉదయాలూ ఖాళీగా ఉంచాం. 3 గంటలకు నేను లేచి చూస్తాను. ఉత్తరం వైపు నక్షత్రాలు కనిపిస్తే తలుపు తడతాను. పది నిమిషాల్లో జీపు దగ్గర ఉండాలి. ముందురోజు వాన పడితే దిగులు పడకండి, దుమ్ము కడిగేసిన మర్నాడే కొండ బాగా కనిపిస్తుంది.

ఫోనులో “వాన లేదు” అని చూసి మురిసిపోవద్దు. మబ్బు శాతం చూడండి.

గుర్తింపు కార్డు నకలు, గది ఎవరితో పంచుకుంటారో శుక్రవారంలోగా నాకు పంపండి. ఆదివారం సాయంత్రం 5 గంటలకు క్లబ్‌హౌస్‌లో కలుద్దాం.

స్వెటర్లు ఇప్పుడే ఎండలో వేయండి. నాదైతే చిమటలు కొట్టేసింది!