కథల బీరువాకు తాళం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా మండల కేంద్రం గ్రంథాలయంలో కథలు, నవలల బీరువాలకు ఏడాదిన్నరగా తాళం పడింది. హాలు నిండా గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షకూ చదివే పిల్లలు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఇరుకు ఇళ్లల్లోంచి వచ్చే పిల్లలకు ఫ్యాన్ కింద ఓ కుర్చీ దొరికితే అంతకంటే ఏం కావాలి? మా తమ్ముడి కొడుకు కూడా అక్కడే చదువుతున్నాడు. అయితే వాళ్లకు బల్లలు వేయడం కోసం బీరువాలను వెనక గదిలోకి నెట్టేశారు. తాళం చెవి అడిగితే, ‘‘ఇప్పుడు కథల పుస్తకాలు ఎవరు చదువుతున్నారు సార్?’’ అన్నారు. నేను చదువుతున్నాను కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నారు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఓ ముప్పై కథలు అచ్చయ్యాయి. వాటిలో చాలావరకు నైట్ హాల్ట్ ఊళ్లలో, బస్సులోనే, లాంతరు పెట్టుకొని రాసినవి. అంతకుముందు పదేళ్లు అదే లాంతరు కింద చదివాను. డిపోకు దగ్గర్లోని లైబ్రరీలో డిపాజిట్ కట్టి తెచ్చుకున్న పుస్తకం ఎప్పుడూ టికెట్ పెట్టెలో ఉండేది. ఏ పుస్తకం మంచిదో చెప్పేవాళ్లు లేరు. చేతికి ఏది తగిలితే అది. డిటెక్టివ్ నవలలు వందకు పైగా చదివుంటాను. చిన్నతనం అనుకోను. పాఠకుణ్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ పరిగెత్తించాలో నాకు నేర్పింది అవే.

నా మొదటి కథలో మా నాయనమ్మ పాఠ్యపుస్తకంలోలాగా మాట్లాడింది. ‘‘నాయనా, భోజనము చేసితివా’’ అన్నట్టు! ఆమెకు చదివి వినిపిస్తే, ‘‘ఎవలురా ఈమె?’’ అంది. కథంటే అట్లాగే రాయాలని నా నమ్మకం. తర్వాత రావిశాస్త్రి కథల సంపుటి ఒకటి దొరికింది. విశాఖ వైపు పేదోళ్లు, కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు తమ మాటల్లోనే మాట్లాడుతున్నారు. ఆ యాస నాకు సగమే అర్థమైంది. కానీ అట్లా రాయొచ్చన్న సంగతి పూర్తిగా అర్థమైంది. ఎక్కడో సముద్రం పక్కన ఉండే మనిషి రాసింది చదివితే గానీ, మా నల్లగొండ మాట కాగితం మీద పెట్టే ధైర్యం నాకు రాలేదు. వెతికితే దొరికిన పుస్తకం కాదది. బీరువా తెరిచి ఉంది కాబట్టి చేతికొచ్చింది.

మా జిల్లాలోనే పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి తలుచుకుంటే నాది ఏపాటి? ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వర్‌గా పనిచేసి చదువుకున్నారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. అంతగా పుస్తకాల మధ్య బతికిన మనిషి కాబట్టే ‘ప్రజల మనిషి’ నవల రాయగలిగారని నా అభిప్రాయం. గ్రంథాలయం పెట్టాలన్నా నిజాం సర్కారు అనుమతి అడగాల్సిన రోజులవి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లు ఎన్ని తిప్పలు పడి ఉంటారో! ఇప్పుడు ఏ అనుమతీ అక్కర్లేదు, తాళం చెవి చాలు.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మేం కడుతూనే ఉన్నాం. అందులో గైడ్లు కొనండి, వద్దనను. కొంత భాగం కథలకూ, కవిత్వానికీ, పిల్లల పుస్తకాలకూ విడిగా పెట్టండి. ఇంటికి పుస్తకాలిచ్చే పద్ధతి మళ్లీ మొదలుపెట్టండి. హాల్లో జాగా లేదంటారా, బీరువాలను వరండాలో పెట్టి సాయంత్రం రెండు గంటలు తెరిచినా చాలు. కూర్చొని చూసుకోవడానికి నాలాంటి రిటైరైనవాళ్లం ఊళ్లో నలుగురైదుగురం ఉన్నాం. జీతం అడగం.

మొన్న మా తమ్ముడి కొడుకు బిట్లు బట్టీ పడుతున్నాడు. ‘‘ప్రజల మనిషి నవలా రచయిత ఎవరు?’’ అని నేనడిగితే టక్కున చెప్పాడు. ‘‘చదివినావురా?’’ అంటే, ‘‘బిట్టుకు పేరు చాలు పెద్దనాయినా’’ అన్నాడు. ఆ నవల వాడు రోజూ కూర్చునే కుర్చీ వెనక గదిలోనే ఉంది. రెండో బీరువా, పై అర. నేనే రెండుసార్లు తెచ్చుకొని చదివాను.

– ఒక విశ్రాంత కండక్టర్, నల్లగొండ జిల్లా