యార్కులో దిగవలసిన ఇల్లు: అమ్మాయికి ఉత్తరం

రాజమహేంద్రవరం

చి. ల. సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

వచ్చే నెలలో మీ అత్తగారిని, మామగారిని ఇంగ్లండులోని యార్కు ఊరికి తీసుకువెళ్తున్నామని, పెద్దవాళ్ళను హోటల్లో దించడమా లేక మేము మూడు రాత్రులు ఉన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇంట్లోనే దించడమా అని అడిగావు. ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆ ఇంట్లోనే దించు తల్లీ. అయితే కొన్ని విషయాలు ముందుగా చూసుకో.

నువ్వు మాకు అక్కడ గది తీసుకున్నప్పుడు నా మనసు ఒప్పుకోలేదు. డబ్బిచ్చి మరీ పరాయివాళ్ళ ఇంట్లో పడుకోవడమేమిటని అమ్మతో అన్నాను. "మన పూటకూళ్ళ ఇళ్ళు మాత్రం ఇంకేమిటండీ?" అంది అమ్మ. నిజమే. మా తాతగారు కోర్టు పని మీద ఈ ఊరు వచ్చినప్పుడల్లా ఒక పూటకూళ్ళమ్మగారి ఇంట్లోనే దిగేవారు. కాకతీయుల నాటి ఓరుగల్లులో సైతం అలాంటి ఇళ్ళుండేవి. మన దగ్గర భోజనం ముఖ్యం, పడక తరువాత. అక్కడ రాత్రి పడక, పొద్దున ఫలహారం, అంతవరకే. మిగిలిన రెండు పూటలూ బయట చూసుకోవలసిందే.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషను నుంచి యార్కుకు రైలులో రెండు గంటల ప్రయాణం. రైల్వేలో బతుకంతా గడిపినవాణ్ణి కనుక, 1877 నాటి యార్కు స్టేషనులో పట్టాల వంపుతో పాటే వంగుతూ సాగిపోయే ఇనుప కమానుల పైకప్పును చూసి పెట్టెలు కింద పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. 1942 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు స్టేషను తగలబడినా, మళ్ళీ బాగుచేసి నిలబెట్టుకున్నారు. అక్కడి నుంచి ఊజ్ నది వంతెన దాటి, బూథమ్ బార్ అనే కోట వాకిలి బయట వీధిలో ఉన్న ఇంటికి చేరేసరికి ఇంకా పన్నెండు కాలేదు. గది మూడు గంటలకు గాని సిద్ధం కాదని ఇంటావిడ చెప్పారు. మేము చిన్నబోవడం చూసి పెట్టెలు లోపల పెట్టించి, టీ ఇచ్చి, అంతవరకు ఏ దారిన నడిస్తే బాగుంటుందో కాగితం మీద గీసి ఇచ్చారు. మీరు మూడు దాటిన తరువాత చేరేలా రైలు చూసుకోండి.

సాయంత్రం ఆవిడ మా చేతిలో రెండు తాళంచెవులు పెట్టారు. ఒకటి గదిది, ఒకటి వీధి తలుపుది. ఎంత రాత్రయినా తలుపు తీసుకుని రావచ్చునని, మెట్ల మీద మాత్రం కాస్త నెమ్మదిగా నడవమని చెప్పారు. పొద్దున వరకూ మా ముఖం ఎరుగని మనిషి తన ఇంటి వీధి తాళం మాకు ఇవ్వడం నన్ను కదిలించింది. ఆ మూడు రోజులూ ఆ తాళంచెవిని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, దారిలో పదిసార్లు తడిమి చూసుకున్నాను.

ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది, మూడంతస్తులది. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, ఏ రెండు గదులూ ఒకే కొలతలో ఉండవు. చారిత్రక భవనాల జాబితాలో చేరిన ఇంటికి కిటికీ మార్చాలన్నా నగరపాలకుల అనుమతి తీసుకోవాలని, లిఫ్టు కోసం గోడలు పగలగొట్టడం కుదిరే పని కాదని ఆవిడ చెప్పారు. మా గది పై అంతస్తులో ఉండడం వల్ల నా మోకాళ్ళు పడిన అవస్థ నాకే తెలుసు. మీ అత్తగారికి కింది అంతస్తు గది కావాలని ఇప్పుడే రాసి అడుగు. అలాంటిది ఒక్కటే ఉంది. నువ్వు మాత్రం మా గదే తీసుకో. పైకెత్తి తెరిచే ఆ పాత కిటికీలోంచి మిన్‌స్టర్ చర్చి గోపురాలు కనబడతాయి, గంటలు వినబడతాయి.

ఫలహారం ఎనిమిది నుంచి తొమ్మిది వరకే. ఏమి కావాలో ముందు రాత్రే చీటీ మీద రాసి ఇవ్వాలి. వాళ్ళ పద్ధతిలో పంది మాంసం, సాసేజీలు, గుడ్లు ఉంటాయి కనుక, అదే పెనం మీద మనకూ వేయిస్తారేమోనని అమ్మ బెంగపడింది. సంకోచించకుండా అడిగాము. వేరే పెనం తీసి, మాకు పుట్టగొడుగులు, టమాటాలు, బంగాళాదుంపలు వేయించి, చిక్కుడుగింజల కూర, రొట్టె, ఓట్స్ జావ పెట్టారు. మీ మామగారి నియమం సంగతి కూడా ముందే రాయి. చెబితే వాళ్ళు చిన్నబుచ్చుకోరు, చెప్పకపోతే ఆయన పస్తుంటారు.

హోటలు వద్దని నేను అనడానికి అసలు కారణం ఆ ఫలహారపు బల్ల దగ్గరే ఉంది. ఊరి సంగతులు నాకు అక్కడే తెలిసాయి. అక్కడ "బార్" అంటే కోట వాకిలి అని, "గేట్" అంటే వీధి అని, 866లో సముద్రం దాటి వచ్చి ఆ ఊరిని పట్టుకున్న వైకింగుల భాషలోని ఆ మాట వీధుల పేర్లలో నిలిచిపోయిందని ఆవిడ చెప్పారు. రోమన్లు క్రీ.శ. 71లో వేసిన దండు కోట వీధుల మీదనే నేటి స్టోన్‌గేట్, పీటర్‌గేట్ నడుస్తున్నాయి. క్లిఫర్డ్స్ టవర్ అనే పాత కోట బురుజు ఉన్న దిబ్బ మీద 1190లో ఊరి మూకలు చుట్టుముట్టగా సుమారు 150 మంది యూదులు ప్రాణాలు కోల్పోయిన సంగతిని ఆవిడ గొంతు తగ్గించి చెప్పారు. తన ఊరి గొప్పను, తన ఊరి పాపాన్ని ఒకే బల్ల దగ్గర దాచకుండా చెప్పిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది. 2000 నవంబరులో ఊజ్ పొంగిన సంగతి వచ్చినప్పుడు నేను 1986 గోదావరి వరద గురించి చెప్పాను. నదీతీరాన బతికినవాళ్ళకు ఒకరి మాట ఒకరికి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఊళ్ళో తిరగడానికి తొందరపడకండి. బూథమ్ బార్ దగ్గర కోటగోడ ఎక్కి మంక్ బార్ వరకు నడిస్తే మిన్‌స్టర్ వెనుక తోటలన్నీ కనబడతాయి. చీకటి పడితే గోడ మూసేస్తారు. మిన్‌స్టర్ లోపలికి టికెట్టు ఉంది గాని, సాయంకాలపు ప్రార్థనకు ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోవచ్చు. మధ్య గోపురానికి 275 మెట్లు, పెద్దవాళ్ళను ఎక్కనివ్వకు. తూర్పున ఉన్న రంగు గాజుల మహా గవాక్షం 1405 నుంచి 1408 వరకు మూడేళ్ళలో జాన్ థార్న్‌టన్ అనే పనివాడి చేతిలో తయారైంది. ఉత్తరాన "ఫైవ్ సిస్టర్స్" అనే అయిదు పొడవాటి కిటికీలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలిచ్చిన స్త్రీల స్మారకంగా వాటిని 1925లో అంకితం చేశారు. పక్కనే చెక్క పలకల మీద ఆ స్త్రీల పేర్లున్నాయి. కూతురున్న తండ్రిని కదా, ఆ పేర్లు చదువుతున్నంతసేపూ నువ్వే గుర్తుకొచ్చావు. నువ్వూ అక్కడ తప్పక కాసేపు నిలబడు. రైల్వే మ్యూజియానికి టికెట్టు లేదు; 1938లో గంటకు 126 మైళ్ళ వేగం అందుకున్న మాలార్డ్ అనే ఆవిరి ఇంజను అక్కడుంది. మీ మామగారు సంతోషిస్తారు.

బయలుదేరే రోజు పది గంటలకల్లా గది ఖాళీ చేయాలి. వీధి తాళంచెవి ఇచ్చి రావడం మరిచిపోకు. అమ్మ ఆవిడకు పెడన కలంకారీ బల్లగుడ్డ ఒకటి ఇచ్చి వచ్చింది. ఫలహారపు గదిలో పరిచారో లేదో చూసి రాయమంటోంది.

ఆశీస్సులతో
మీ నాన్న