ఏడో నంబరు సభ్యురాలు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంతకాలం రాయనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా, మెడనొప్పి తగ్గింది, మిగతావి తర్వాత. ముందు ఈ సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

పోయిన వారం మన పుస్తకం చదువుతున్న ఒక పాఠకురాలు రాసింది. డేటాబేస్‌తో మాట్లాడే భాష, ఎస్‌క్యూఎల్, ఇప్పుడే మొదలుపెట్టిందట. మూడు రోజులుగా ఐదో అధ్యాయం దాటలేకపోతున్నానని, పుస్తకంలో ఉన్నట్టే టైప్ చేశానని, తప్పు తనదే అయ్యుంటుందని, ఎక్కడుందో చెప్పమని. ఆ "తప్పు నాదే" చదివాక ప్రాణం ఉసూరుమంది రా.

పుస్తకంలో ఉదాహరణగా పెట్టిన మన లైబ్రరీ డేటాబేస్ గుర్తుందిగా? ఆరుగురు సభ్యులు. (ఆరోవాడు ఎవరో నీకు చెప్పక్కర్లేదు. పుస్తకం ఇంకా తిరిగివ్వలేదు!) ఐదో అధ్యాయంలో కొత్త సభ్యురాలిని చేరుస్తాం, ఐడీ దానంతటదే 7 వస్తుంది. ఆ కింది లైన్‌లోనే ఆ 7 పేరు మీద లైబ్రరీ పుస్తకం ఒకటి అరువిచ్చినట్టు నమోదు చేస్తాం. ఈవిడ మొదటిసారి ఈమెయిల్ దగ్గర పొరపాటున ఇంకో సభ్యుడిది కొట్టింది. ఆ కాలమ్ యూనిక్, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదు కాబట్టి మన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు. సరిదిద్ది మళ్లీ కొడితే చేరింది, కానీ ఐడీ 8! ఐడీలు వరుసగా ఇచ్చే సీక్వెన్స్ ఒకసారి నంబరు ఇచ్చిందంటే, ఇన్సర్ట్ ఫెయిలైనా వెనక్కి తీసుకోదు. చాలామంది ఒకేసారి రాస్తున్నప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగకూడదని అలా కట్టారు. సబబే. కానీ ఆవిడ టేబుల్‌లో 7 లేనే లేదు. పుస్తకంలో ఉన్న తర్వాతి లైన్ ఫారిన్ కీ ఎర్రర్ (అలాంటి సభ్యురాలే లేదని) కొట్టి ఆగిపోయింది.

అసలు నాకు నిద్ర పట్టనిది ఎందుకంటే, ఇది నాకు తెలిసిన తప్పే. ఎనిమిది నెలల కిందటే సరిచేశాను! విడిగా ఉన్న డెమో కోడ్ ఫైల్లో ఆ 7 తీసేసి, ఈమెయిల్‌తో ఐడీని వెతికి తీసుకునేలా రాశాను. ఆ మార్పు నమోదు (కమిట్) ఇప్పటికీ కనిపిస్తోంది. పుస్తకంలో మాత్రం పాత 7 అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అందులోది ఎప్పుడో కాపీ చేసి అతికించిన ముక్క. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని నువ్వు చెబితే ఆ రోజు ఎంత వాదించాను! ఆ రాత్రే ఆవిడకి జవాబు రాశాను. మొదటి వాక్యం: "తప్పు మీది కాదు."

ఇప్పుడు అంతా మార్చేశాను. కోడ్ ఒక్కచోటే, నడిచే ఫైళ్లలోనే ఉంటుంది. అందులో గుర్తులు (ట్యాగులు) పెట్టాను, పుస్తకం తయారుచేసే ఆస్కీడాక్ ఆ ట్యాగుల మధ్య ఉన్నదాన్నే పుస్తకంలోకి లాక్కుంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త కనూత్ 1984లో చెప్పిన పద్ధతిలో, పుస్తకం నుంచే కోడ్ బయటికి తీయాలని కూడా అనుకున్నాను. కానీ చదివేవాళ్లకి ముందు కావాల్సింది నడిచే ఫైలు. ఫలితాలు కూడా చేత్తో అతికించడం మానేశాను. స్క్రిప్టు డేటాబేస్ మొత్తం పడగొట్టి, మళ్లీ కట్టి, మొదటి అధ్యాయం నుంచి నడుపుతుంది. అచ్చులో ఉన్న ఫలితానికి ఒక్క అక్షరం తేడా వచ్చినా పుస్తకం తయారవదు.

మొదటిసారి నడిపినప్పుడు చూడాలి, ఎన్ని బయటపడ్డాయో! నాలుగో అధ్యాయంలో మూడో వరుసలో ఉండాల్సిన సభ్యుడు చిట్టచివర తేలాడు. ముందు పేజీలో అతని ఫోన్ నంబరు అప్‌డేట్ చేశాం కదా, పోస్ట్‌గ్రెస్ పాత వరుసని దిద్దదు, కొత్త వెర్షన్ రాస్తుంది. క్రమం చెప్పే ఆర్డర్ బై లేకపోతే ఏది ముందొస్తుందో గ్యారంటీ లేదని మనమే పాఠంలో రాశాం, మన ఉదాహరణలోనే పెట్టలేదు. ఇంకోటి, 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి, కొత్తగా కట్టిన డేటాబేస్‌లో విడిగా అనుమతి ఇవ్వకపోతే మామూలు యూజర్ పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా చేరే చోటు) టేబుల్ కట్టలేడు. అంటే కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్లకి మన రెండో అధ్యాయమే... అది తలచుకుంటే మళ్లీ టెన్షన్.

ఇంకా తేలనిది ఒకటుంది. కావాలనే ఎర్రర్ వచ్చేలా రాసిన ఉదాహరణలు ఉన్నాయి కదా, వాటి దగ్గర స్క్రిప్టు ఆగిపోతోంది. ఫెయిలైతేనే పాస్ అనుకోవాలని దానికి ఎలా చెప్పాలి? నువ్వు అప్పట్లో చేసిన "తలకిందుల పరీక్ష" ఇలాంటిదేగా? ఆ ఫైలు ఉంటే పంపు. అచ్చయిపోయిన కాపీల సంగతి కూడా అడగాలి, దిద్దుబాటు కాగితం వేస్తే ఎవరైనా...

ఉండు, స్క్రిప్టు అయిపోయింది. తొమ్మిదో అధ్యాయంలో ఏదో తేడా చూపిస్తోంది. వెళ్లాలి రా.

నీ
బావ